పాత మియాటాకు కొత్త స్ప్రింగులు

మాజ్దా కంపెనీ మియాటా అనే రెండు సీట్ల బుల్లి స్పోర్ట్స్ కారును 1989లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. బరువు టన్ను లోపే. లైట్లేస్తే హెడ్‌ల్యాంపులు కప్ప కళ్లలా పైకి లేస్తాయి. ఆనాటి కార్లను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు అక్కడ ఎందరో! ‘అమ్మేసి కొత్తది కొనరాదూ’ అని ఇంట్లోవాళ్లు పోరుతున్నా వినరు. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్చి, 2015లో వచ్చిన నాలుగో తరం మోడల్‌కు దీటుగా నడుపుతామంటారు.

మలుపుల వరకూ ఆ మాట నిజమే. నాలుగు చక్రాలకూ మొదట్నుంచీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉన్న కారది. గట్టి స్ప్రింగులు పడితే పక్కకు ఒరగడం తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పగానే మాట వింటుంది. అయితే ముప్ఫయ్యేళ్లు దాటాక సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు ఎండి పగులుతాయి. వాటిని వదిలేసి ఖరీదైన షాకులు బిగించడమంటే మోకాళ్లు అరిగిన మనిషికి కొత్త బూట్లు తొడగడమే. స్ప్రింగులు మరీ బిగువైతే గతుకుల్లో చక్రం ఎగిరి, రోడ్డు మీద పట్టు తప్పుతుంది. పక్కసీట్లో ఆవిడ నడుము సంగతి సరేసరి!

కొత్తదాంట్లో సైడ్ ఎయిర్‌బ్యాగులు, కారు జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఉన్నాయి. పాతదానికి ఎంత ఖరీదైన స్ప్రింగులు వేసినా అవి రావు. వానలో రోజూ హైవే ఎక్కేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.