లెక్కల పెట్టె

మా తాత ఊరి వెట్టివాడు. జమాబందీ రోజులొస్తే కరణంగారి లెక్కల పెట్టె నెత్తిన పెట్టుకుని తాలూకా కచేరీకి నడిచేవాడు. అందులో ఎవరి అడంగలుందో, ఎవరి పొలం ఎవరి పేరుకు మారిందో ఆయనకి తెలీదు. మూత తీయకూడదు. కాగితం ఒకటి తగ్గితే మాత్రం "దార్లో ఏం చేశావురా?" అని ముందు ఆయన్నే అడిగేవాళ్లు. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యేనాటికి తాత మెడ వంగిపోయింది.

2009లో హైదరాబాదులో, ఒక కంపెనీ నైట్ షిఫ్టులో ఉండగా ఆ పెట్టె నాకు గుర్తొచ్చింది.

నాది బేసిస్ పని. అదేంటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పెద్ద కంపెనీల కొనుగోళ్లు, బిల్లులు, జీతాలు నడిపే ఎస్ఏపీ సాఫ్ట్‌వేరుకి మామూలుగా మూడు సిస్టములుంటాయి. ప్రోగ్రాం రాసేది డెవలప్‌మెంటులో, పరీక్షించేది క్వాలిటీలో, అసలు వ్యాపారం నడిచేది ప్రొడక్షన్లో. రాసినాయన తన మార్పుని ఒక రిక్వెస్టులో కట్టి రిలీజ్ చేస్తే రెండు ఫైళ్లు పుడతాయి. రిక్వెస్టు పేరు డీఈవీకే900412 అయితే, కోఫైల్స్ డైరెక్టరీలో కే900412.డీఈవీ, డేటా డైరెక్టరీలో ఆర్900412.డీఈవీ. మొదటిది చీటీ, రెండోది సరుకు. వాటిని ప్రొడక్షన్‌కి చేర్చేది మేము. తెర మీద బొమ్మలు నొక్కుతూ కూడా చేయొచ్చు గానీ, రాత్రిపూట యునిక్స్ నల్లతెర మీద టీపీ కమాండే నాకు సుఖం. టీపీ యాడ్‌టుబఫర్ అని కొడితే మూట వరసలో నిలబడుద్ది. టీపీ ఇంపోర్ట్ అంటే అవతల దిగుద్ది. రిటర్న్ కోడ్ 0 వస్తే సవ్యం, 4 హెచ్చరిక, 8 తప్పు, 12 వస్తే ఇక ఆ రాత్రి నిద్ర లేదు. మూటలో ఏం రాశారో మేం చూడం.

ఆ రాత్రి మెయిల్లో రెండు నంబర్లొచ్చాయి. ముందు 412, తర్వాత 405. నాకు అనుమానమొచ్చింది. ఒకే ప్రోగ్రాం రెండింట్లోనూ ఉంటే, కొత్తదాని నెత్తిన పాతది ఎక్కి కూర్చుంటది. టీపీకి అది తప్పుగా కనపడదు. 0 అనే చెప్తుంది. డెవలపర్‌కి ఫోన్ చేశాను.

"వరస తిరగబడినట్టుంది సార్, ఒకసారి చూడండి."

"లిస్టు ప్రకారం చెయ్యి. కోడ్ సంగతి నీకెందుకు?"

చేశాను. రెండూ సున్నాలే.

పొద్దున బిల్లుల్లో పన్ను తప్పు పడింది. తొమ్మిదింటికి ఫోన్లో మీటింగు. "బేసిస్ వాళ్లు ఏదో కెలికారు" అన్నారు. మ్యూట్ అయిందనుకున్నారో ఏమో, ఒక గొంతు తెలుగులోనే, "కోటావాళ్ల చేతికి ప్రొడక్షనిస్తే ఇంతే" అంది. ప్రైవేటు కంపెనీలో కోటా ఎక్కడిది? ఎంసీఏ సీటు రిజర్వేషన్లో తెచ్చుకున్నాను, దాచను. ఉద్యోగానికి అందరితోపాటు పరీక్ష రాశాను. చేరిన వారంలోనే క్యాంటీన్లో ఇంటిపేరు అడిగి, అది చాలక "ఊళ్లో ఎటువైపుంటారు?" అని అడిగినవాళ్లకి నా కోడ్ అప్పుడే తెలిసిపోయింది.

ఆ గొంతుకి జవాబు చెప్పలేదు. నోరు ఎండిపోయింది. లాగ్ డైరెక్టరీకెళ్లి ఏలాగ్ ఫైలు తెరిచాను. ఏ రిక్వెస్టు, ఏ సిస్టం, ఏ మెట్టు, ఏ కోడ్, ఎన్ని గంటలకి, అన్నీ వరసగా ఉన్నాయి. చేసినవాడి పేరున్న చోట పీఆర్‌డీఏడీఎం. మాలో ఎవరు చేసినా ఆ పేరే. తాత పేరు కూడా ఏ దస్త్రంలోనూ లేదు.

ఆ వరసల్ని, పక్కనే రాత్రి మెయిల్లో వచ్చిన లిస్టుని పెట్టి మీటింగులో ఉన్న అందరికీ పంపాను. 412ని మళ్లీ బఫర్‌లో వేసి, ఒకసారి దిగినదాన్నే మళ్లీ దింపమని యూ1 పెట్టి ఇంపోర్ట్ కొట్టాను. బిల్లులు సరయ్యాయి. ఫోన్లో ఎవరూ మాట్లాడలేదు. క్షమించమని కూడా ఎవరూ అనలేదు.

నెల తర్వాత, వరసకి బాధ్యత రాసినవాడిదే, అనుమానమొస్తే ఆపే హక్కు మోసేవాడిది అని నాలుగు పేజీల పద్ధతి రాసిచ్చాను. ఒప్పుకున్నారు. అట్ట మీద రచన అని టీమ్ లీడ్ పేరుంది. రెండో పేజీలో మార్పుల పట్టిక ఉంటుంది, దాన్నెవరూ చదవరు. అందులో మొదటి వరసలో, తేదీ పక్కన, ఇంటిపేరుతో సహా నా పేరు నేనే రాసుకున్నాను.