బాత్రూంలో పడ్డ తరవాత

నాకు 67 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మాది గుడివాడ. పోయిన శ్రావణంలో మా ఇంటి లెట్రిన్‌లో పడి ఎడమ తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. ఇలాంటివి నలుగురిలో చెప్పుకోరు. నేనూ చాలాకాలం చెప్పలేదు. ఎవరన్నా అడిగితే వాకిట్లో జారానని చెప్పేవాణ్ణి. కానీ ఆస్పత్రిలో నా పక్క మంచం ఆయనా బాత్రూంలో పడే వచ్చాడు. ఎదురు మంచం పెద్దావిడా అంతే. అందుకని రాస్తున్నాను.

అది వరలక్ష్మీ వ్రతం రోజు. తెల్లవారుజామున అయిదు. మా ఆవిడ అప్పటికే లేచి వంటింట్లో ఉంది. మా ఇల్లు 1996లో కట్టుకున్నాం. అప్పట్లో అందరిలాగే ఇండియన్ లెట్రిన్ పెట్టించాను. నేలకంటే ఒక మెట్టు ఎత్తున దిమ్మ, దానిమీద బేసిన్. ఆ రోజు లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కాయి. రోజూ ఎక్కేవే. పక్కనున్న కొళాయి పట్టుకున్నాను. కొళాయి గోడలోంచి ఊడి చేతిలోకొచ్చింది. నేను దిమ్మ మీంచి ఎడమ పక్కకు పడ్డాను. లోపల పుల్ల విరిగినట్టు చప్పుడు నాకు వినిపించింది.

గోడలోంచి నీళ్ళు ధారగా మీద పడుతున్నాయి. లేవలేను. ఎడమ కాలు కుడిదానికంటే పొట్టిగా ఉంది, పాదం బయటివైపు తిరిగిపోయింది. ఆ కాలు నాది కానట్టుంది. కదిపితే కళ్ళు బైర్లు కమ్మాయి. తలుపు గడియ పెట్టుకున్నాను. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. నేను సరిగ్గా దానికి అడ్డంగా పడి ఉన్నాను.

మా ఆవిడ పరుగెత్తుకొచ్చి తలుపు బాదింది. నేను మొదట అన్న మాట, "ఎవర్నీ పిలవకు." ఒంటిమీద సరిగ్గా బట్ట లేదు. అదొక్కటే నా బాధ అప్పుడు. ఆ మాటతో పది నిమిషాలు పోయాయి. మావాడు లేచి పైకెక్కి ట్యాంకు వాల్వు కట్టాడు. తలుపు తోస్తే నేను అరిచాను. ఇంక వాడు నన్నడక్కుండా పక్కింటి వెల్డింగ్ షాపు అతన్ని తీసుకొచ్చాడు. ఫైబర్ తలుపు. అతను రంపం బ్లేడుతో కింది సగం కోశాడు. కోసిన సందులోంచి ముందు ఒక తువ్వాలు లోపలికి తోశాడు. "బాబాయ్, కప్పుకో, నేను అటు తిరుగుతా" అన్నాడు. తరవాతే చెయ్యి పెట్టి గడియ తీశాడు. నన్ను అంగుళం అంగుళం జరిపించి తలుపు తెరిచేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ తువ్వాలు నేను మర్చిపోను.

108 వచ్చింది. ఆ బండి డ్రైవర్‌ను పైలట్ అంటారు. ఆ పిల్లాడూ, కూడా వచ్చిన టెక్నీషియనూ కలిసి నన్ను రెండుగా విడిపోయే స్ట్రెచర్ మీదికి ఎత్తారు. ఇక్కడి ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి విజయవాడ పొమ్మన్నారు.

తొడ ఎముక పై చివర బంతిలా ఉంటుంది. నాకు ఆ బంతి కిందున్న మెడ విరిగింది. అక్కడ విరిగితే బంతికి రక్తం అందదట. ఈ వయసులో అతుకుతుందని నమ్మకం లేదు, బంతి తీసేసి లోహంది పెడతామన్నారు. షుగరు తగ్గించి మూడో రోజు ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నడుముకు మత్తిచ్చారు, మాటలు వినపడ్డాయి, అంతే.

అసలు కష్టం తరవాత మొదలైంది. ఆపరేషన్ అయిన రెండో రోజుకి మూత్రం గొట్టం తీసేశారు. ఇంక బెడ్‌పాన్. నర్సు తెచ్చి కింద పెడితే నాకు రాలేదు. నాలుగు మంచాల గదిలో, ఒక తెర వేసుకుని, పడుకుని ఎలా వస్తుంది? నేనొక తప్పు చేశాను. తినడం తగ్గించాను. నీళ్ళు గొంతు తడుపుకోవడానికి మాత్రమే తాగాను. లోపలికి పోకపోతే బయటికి రాదు గదా అనుకున్నాను. అయిదో రోజుకి పొట్ట రాయిలా అయింది. ఎనీమా ఇచ్చారు. మంచం పాడైంది. రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా ఏమీ అనకుండా దుప్పట్లు మార్చింది. "మానేసినవాళ్ళందరికీ ఇంతే అయ్యా, తాగు" అని గ్లాసు చేతికిచ్చింది. మీలో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే నీళ్ళు మానకండి. నొప్పి మాత్రలు కూడా కొన్ని మలబద్ధకం చేస్తాయట. ముందే డాక్టరును అడిగి మందు పుచ్చుకోండి.

ఏడో రోజు ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు చెప్పారు. కింద కూర్చోవద్దు. మఠం వేసుకోవద్దు. కాలు మీద కాలు వద్దు. మోకాలు తుంటికంటే పైకి రాకూడదు. వస్తే లోపలి బంతి గూటిలోంచి జారిపోవచ్చు. మూడు నెలలు మరీ జాగ్రత్త. గొంతుక్కూర్చోవడం మాత్రం ఇక ఎప్పటికీ వద్దు. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ఉందా అనడిగారు. మావాడు లేదన్నాడు. నేను గోడకేసి చూశాను.

ఎందుకంటే నాలుగేళ్ళుగా మా ఆవిడ అడుగుతోంది. మోకాళ్ళు అరిగాయి, ఒక వెస్టర్న్ పెట్టించండని. నేను వద్దన్నాను. ఎంగిలి కుర్చీ మీద అందరూ కూర్చోవడం నాకు సయించదన్నాను. మన అలవాటే ఆరోగ్యం అన్నాను. గొంతుక్కూర్చుంటే కడుపు సుళువుగా అవుతుందన్న మాట తప్పేం కాదు. కానీ ఆ మాట మోకాళ్ళు బాగున్నవాడు చెప్పాడు.

మెడికల్ షాపులో కమోడ్ కుర్చీ కొన్నారు. స్టీలు గొట్టాల కుర్చీ, మధ్యలో రంధ్రం, కింద డబ్బా. కాళ్ళు పిన్నులు తీసి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ముందు గదిలో మంచం పక్కనే వేశారు. డబ్బా ఎవరు తియ్యాలి? మావాడు పొద్దున్నే విజయవాడ ఆఫీసుకు పోతాడు. మా ఆవిడ వంగలేదు. మా కోడలే తీసింది. నేను మనిషిని పెట్టమన్నాను. దొరకలేదు. మొదటి రోజు ఆ అమ్మాయి డబ్బా మీద పాత పేపరు కప్పి తీసుకెళ్తుంటే నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించాను. మొత్తం 18 రోజులు. ప్రతిసారీ గదిలోంచి వెళ్ళేముందు టీవీ సౌండు పెంచి వెళ్ళేది. "అయ్యాక తగ్గించండి మామయ్యగారూ, వస్తాను" అనేది. నేను పిలవాల్సిన పని లేకుండా చేసింది. ఆమెకు ఆ సంగతి ఎప్పుడూ ఎదురుగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

పదహారో రోజు రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. బెడ్‌లైటు వెలుగులో నా కమోడ్ కుర్చీ మీద మా ఆవిడ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. లేవద్దన్నాను. కాసేపటికి, "ఇది బావుందండీ" అంది. అప్పుడు ఒక్కొక్కటీ చెప్పింది. సాయంత్రం ఆరు దాటాక నీళ్ళు తాగదట. పెళ్ళిళ్ళకు అందుకే రానంటుందట. లెట్రిన్ కిటికీ ఊచకు ఒక నైలాన్ తాడు ఉండేది. అది పట్టుకుని లేచేదట. ఆ తాడు తడిబట్టలు ఆరేయడానికి కట్టిందనుకుని, అసహ్యంగా ఉందని, ఉగాదికి సున్నాలు వేయించినప్పుడు నేనే విప్పి పారేశాను. ఆమె మళ్ళీ కట్టమని అడగలేదు. కొళాయి పట్టుకుని లేవడం మొదలుపెట్టింది.

ఆ కొళాయి ఎందుకు వదులైందో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి మళ్ళీ నిద్ర పట్టలేదు.

మర్నాడే మావాణ్ణి కమోడ్ కొనుక్కురమ్మన్నాను. తొందరపెట్టాను. వాడు శానిటరీ షాపు నుంచి ఫొటోలు పంపాడు. గోడకు వేలాడేవి, కింద ఆనేవి, ట్యాంకు విడిగా ఉన్నవి, కలిసిపోయి ఉన్నవి. షాపతను గోడకు బిగించేది తీసుకోమన్నాడట. కావలసిన ఎత్తులో పెట్టుకోవచ్చు, కింద కడగడం తేలిక అని. నిజమే. కానీ మా బాత్రూం గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. మనిషి బరువంతా ఆ గోడ మొయ్యాలి, లేదా లోపల ఇనప ఫ్రేమ్ పెట్టి గోడ కట్టాలి. ప్లంబరు వద్దన్నాడు. కింద ఆనేదే కొన్నాడు మావాడు.

అది సరిపోలేదు. దిమ్మ పగలగొడితే మలం పైపు గోడకు తొమ్మిది అంగుళాల దూరంలో తేలింది. తెచ్చినది నాలుగు అంగుళాల దూరానికి చేసినది. అలాగే పెడితే వెనక అయిదు అంగుళాల సందు వృథా. ముందు వాకర్ తిరగదు. పెట్టె విప్పారని షాపులో 900 రూపాయలు కోసుకుని వెనక్కి తీసుకున్నారు. మీరు కొనేముందు రెండు చూసుకోండి. పైపు నేలలోకి పోతోందా, గోడలోకి పోతోందా. నేలలోకైతే టైలు వేసిన గోడ నుంచి రంధ్రం నడిమికి ఎన్ని అంగుళాలు. రంగూ మోడలూ ఆ తరవాత.

మాకు ఎత్తు సంగతి చెప్పింది ఫిజియోథెరపీ అమ్మాయి. రోజూ వచ్చి కాలు ఆడించేది. ఆ రోజు మా ఇద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, టేపు తీసి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిచింది. నాది 18 అంగుళాలు. మా ఆవిడది 15. నాకు సీటు 18 కంటే పైనే ఉండాలి, లేకపోతే మోకాలు తుంటిని దాటుతుంది. కంఫర్ట్ హైట్ అని 17 నుంచి 19 అంగుళాలవి దొరుకుతాయి. అది పెడితే మా ఆవిడ కాళ్ళు గాలిలో వేలాడతాయి. తొడల కింద ఒత్తుకుంటుంది, దిగేటప్పుడు జారుతుంది. "ఎవరికోసం కొంటారు సార్?" అంది ఆ అమ్మాయి. మావాడు నా వంక చూశాడు. మీ అమ్మకి కొను అన్నాను.

సీటుతో కలిపి 15 అంగుళాల పైచిలుకు ఉండే మామూలు తెల్లది తెచ్చారు. నాకు దానిమీద పెట్టుకునే నాలుగు అంగుళాల ప్లాస్టిక్ ఎత్తు సీటు. సగం, పూర్తి రెండు బటన్ల ఫ్లష్. కుడివైపు గోడకు ఒక స్టీలు కడ్డీ, ఎదురుగా ఒకటి. తువ్వాలు వేసుకునే రాడ్డు పట్టుకుని లేవొచ్చనుకోకండి, దాని మరలు మనిషి బరువుకు ఆగవు. మా కడ్డీలు బిగించాక ప్లంబరు రెండు చేతులతో వేలాడి చూపించాడు. నేనడిగితేనే చేశాడు. చెంబుకోసం పక్కకు వంగి తిరిగితే తుంటికి ప్రమాదమని జెట్ స్ప్రే చేతికందేంత ముందుకు పెట్టించాం. టైళ్ళు తీసేసి గరుకువి వేశారు. తలుపు కొత్తది, బయటికి తెరుచుకునేది. వాకర్ 23 అంగుళాలు, ద్వారం 26. సిమెంటు ఆరడానికి ఒక రోజు ఆగమన్నారు.

ఇరవై అయిదో రోజు మొదటిసారి వెళ్ళాను. వాకర్‌తో వెనక్కి నడిచి, కాళ్ళ వెనక సీటు తగిలాక, ఎడమ కాలు ముందుకు చాపి, కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. అలా కూర్చోవాలని ఆ అమ్మాయి నేర్పింది. గడియ పెట్టలేదు. మా ఆవిడ బయట నిలబడి నిమిషానికోసారి "ఏమండీ" అంటోంది. నాకు ఏమీ కాలేదు. ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఆ కొత్త కొళాయికేసి చూస్తూ అరగంట కూర్చుని లేచొచ్చేశాను. అలా నాలుగు రోజులు. అరవై ఏళ్ళ అలవాటు పోవడానికి టైం పడుతుంది. కాళ్ళకింద పీట పెట్టుకుంటే తేలిక అని ఎవరో చెప్పారు. నాలాంటివాళ్ళు ఆ పని చెయ్యకూడదు, మోకాలు పైకొస్తుంది.

రెండో నెలలో ఒకసారి లేస్తుంటే ఆ ఎత్తు సీటు పక్కకు జరిగింది. రెండు అంగుళాలు జరిగిందేమో. నేను కేకపెట్టాను. ఆ కేక నాకే పరాయిగా వినపడింది. కడ్డీ పట్టుకుని ఉండబట్టి పడలేదు. చేతులు మధ్యాహ్నం దాకా వణికాయి. మేం కొన్నది ఊరికే పైన ఆనేది. మరతో కమోడ్ అంచుకు బిగుసుకునేది వేరే ఉంది. తరవాత మేమూ దానికే మారాం. మీరు ముందే అదే కొనండి.

మూడు నెలలు దాటాయి. వాకర్ పోయి కర్ర వచ్చింది. ఎత్తు సీటు ఇంకా నాకు ఉంది. పొద్దున నేను వాడుకున్నాక మా కోడలో, మావాడో మర తిప్పి తీసి పక్కన పెడతారు. మా ఆవిడ ఇప్పుడు రాత్రి భోజనంలో మజ్జిగ తాగుతోంది. ఏ ఒంటిగంటకో లేస్తుంది. ఆమె తిరిగొచ్చి పడుకునేదాకా నేను మేలుకునే ఉంటాను.

కొత్త తలుపు గడియకు బయటివైపు ఒక గాడి ఉంటుంది. దాంట్లో నాణెం పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. తలుపు పక్క కిటికీ గట్టు మీద ఒక అయిదు రూపాయల బిళ్ళ పెట్టాం. గడియ పెట్టడం నాకింకా చేతకావడం లేదు. ఆమె పెట్టుకుంటుంది. లోపలికి వెళ్ళేముందు ఆమె ఆ బిళ్ళ ఉందో లేదో ఒకసారి తడిమి చూస్తుంది. నేనూ చూస్తాను.