వడిసెల పట్టిన చేతులతో

మా మద్నూరుకు సముద్రం లేదు. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక కలిసే మూలన ఉన్న నల్లరేగడి నేల మాది. మా బజారులో మూడు భాషలూ వినిపిస్తాయి. తీరమంటూ చూడాలంటే మంజీర నది మీద కట్టిన నిజాంసాగర్‌కు వెళ్ళవలసిందే. కిందటి నవంబరు మూడో వారంలో, పదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరాను. పక్షులను చూసి వాటి పేర్లు రాసుకు రమ్మని వాడి బడిలో చెప్పారట.

పిట్లం దారిలో సోయా కోసిన చేలలో శనగ మొలకెత్తుతోంది. పక్క చేలలో పత్తి తెల్లగా విచ్చుకుంది. కరెంటు తీగ మీద మట్టిరంగు పిట్ట ఒకటి కదలకుండా కూర్చుంది. అది రెక్క విప్పగానే నీలం మెరిసింది. “తాతా, పాలపిట్ట!” అని అరిచాడు మావాడు. మన రాష్ట్ర పక్షి అది. చేలలోని పురుగులనూ మిడతలనూ తిని రైతుకు మేలు చేస్తుంది. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని కొందరు పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. రెక్కలు కట్టేసిన పిట్టను చూస్తే మంచి ఎలా జరుగుతుంది?

నిజాంసాగర్ కట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ 1931లోనే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాదు సంస్థానంలోని పక్షుల సర్వే మొదలుపెట్టారు. మేము వెళ్ళేసరికి నీరు కాస్త తగ్గి, ఒడ్డున బురద బయటపడింది. పురుగుల కోసం చిన్న పిట్టలు అక్కడ పరుగులు తీస్తున్నాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. దూరంగా తల వెనుక రెండు నల్ల చారలున్న పెద్ద బాతులు ఏడు కనిపించాయి. అవి మంగోలియా, టిబెట్టు ప్రాంతాలలో గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలు దాటి వస్తాయి. గాలి పలుచగా ఉండే ఆ ఎత్తులలో కూడా ప్రాణవాయువును బాగా పట్టుకునే గుణం వాటి రక్తానికి ఉంది. చలి తగ్గగానే తిరిగి వెళ్ళిపోతాయి. తమ కాలాన్ని ఎరిగిన పక్షులను గూర్చి యిర్మీయా ప్రవక్త చెప్పిన మాట నాకు జ్ఞాపకం వచ్చింది.

సాయంత్రం తిరిగి వస్తుంటే తుమ్మచెట్ల మీద గులాబీరంగు గోరువంకల గుంపు వాలింది. నా గుండె కలుక్కుమంది.

చిన్నతనంలో మాకు జొన్నచేను ఉండేది. మంచె మీద నిలబడి వడిసెల తిప్పడం నా పని. ఒకనాడు రాయి తగిలి ఈ పిట్టే ఒకటి కింద పడింది. అరచేతిలో ఇంకా వెచ్చగా ఉంది. ఆ రోజు ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. ఈ సంగతి మనవడికి చెప్పాను.

“ఇవి ఎక్కడి నుంచి వస్తాయి తాతా?”

“మధ్య ఆసియా నుంచి.”

“అంత దూరం నుంచి వచ్చినదాన్ని కొట్టావా?”

నాకు జవాబు దొరకలేదు. జొన్న మా తిండి, కాపలా తప్పదు, నిజమే. కాని డబ్బా మోగించినా అవి లేచిపోయేవి. పైగా ఆ పిట్టలు మిడతలను కూడా విపరీతంగా తింటాయి. ఇప్పుడు మా వైపు జొన్న తగ్గి పత్తి పెరిగింది. మంచెలు పోయాయి. అప్పుడు తరిమిన పిట్టలను ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్తున్నాను.

ప్రియ పాఠకులారా, మీ ఊరి చెరువుకు కూడా ఈ దూరపు చుట్టాలు వచ్చి ఉంటారు. ఉదయమే పిల్లలను తీసుకువెళ్ళండి. కళ్ళు చెదిరే రంగుల బట్టలు వద్దు, కేకలు వద్దు, మరీ దగ్గరికి వెళ్ళవద్దు. ఊరకే నిలబడి చూడండి, చాలు.

మరునాడు అటక మీది పాత వడిసెలను దించాను. దాని తాళ్ళతో వేపకొమ్మకు నీళ్ళ ముంత కట్టాం. ముడి మాత్రం మావాడే వేశాడు.