సంచి మీది పేరు

కార్ఖానా అంటే పని జరిగే చోటు. సికింద్రాబాద్‌లో ఆ పేరున్న ప్రాంతంలోనే, పోయిన వేసవి సెలవుల్లో, ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో నాకు పని దొరికింది. పెద్ద పనేమీ కాదు. ఒక పాత జావా ప్రోగ్రాములో బయటివాళ్ళు రాసిన లైబ్రరీ ఫైళ్ళు ఏవేవి వాడారో జాబితా రాయాలి. పేర్లు చూసి గంటలో రాసిచ్చేశాను. సార్ చూసి నవ్వారు.

"పేర్లయితే రాశావు. లోపల ఉన్నవి అవేనని ఎట్లా తెలుసు?"

నాకు చప్పున మా నాయన గుర్తొచ్చాడు. ఒక ఏడు మా చేనులో పత్తి సగం మొలవలేదు. "సంచి మీది పేరు సక్కగనే ఉంది బిడ్డా, లోపటి గింజే వేరు" అన్నాడు. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది.

ఫైలుకైతే గింజను పట్టి చూసే ఉపాయం ఉంది. దాని పేరు హ్యాష్. ఫైలులోని ప్రతి బైటునూ ఒక లెక్కలో వేస్తే చివరికి ఒక పొట్టి ముద్ర మిగులుతుంది. ఎస్‌హెచ్‌ఏ-1 లెక్కలో అంకెలూ అక్షరాలూ కలిపి 40, ఎస్‌హెచ్‌ఏ-256లో 64. ఫైలు పేరు మార్చినా ముద్ర మారదు. లోపల ఒక్క బిట్టు మారిందా, ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది! జావా లైబ్రరీలు దొరికే మావెన్ సెంట్రల్‌లో ఫైలు పక్కనే దాని ముద్ర కూడా పెడతారు. అక్కడి ముద్రలను పట్టికగా రాసుకుని, మా ఫైళ్ళ ముద్రలతో పోల్చాను.

'కామన్' అనే అమాయకపు పేరుతో ఒక ఫైలు ఉంది. తీరా చూస్తే అది లాగ్‌ఫోర్‌జె కోర్ 2.14.1! 2021 డిసెంబరులో ప్రపంచమంతా గగ్గోలెత్తించిన లోపం ఉన్న వెర్షన్లలో అదొకటి.

అట్లాగని హ్యాష్‌కు అన్నీ తెలుసుననుకోకూడదు. అదే కోడును ఇంకొకరు మళ్ళీ ఫైలుగా కడితే ముద్ర కలవకపోవచ్చు. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు రెండు వేర్వేరు పీడీఎఫ్‌లకు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 ముద్ర వచ్చేట్టు చేసి చూపారు. అందుకే ఎస్‌హెచ్‌ఏ-256 మేలంటారు. ఇంకో మాట. మాకు దొరికిన ఆ ఫైలు నకిలీ కాదు, అచ్చంగా అసలుదే. అయినా లోపం ఉంది. ఇది ఏదో హ్యాష్ చెబుతుంది. మంచిదో కాదో మనమే తెలుసుకోవాలి.

ఆ రాత్రి ఫోనులో నాయనకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఇత్తనానికి గూడ అసుంటిది ఉన్నదా?" అన్నాడు.

ల్యాబులో డీఎన్‌ఏ పరీక్ష ఉందన్నాను. దుకాణం ముందు నిలబడ్డ రైతు చేతిలో ఏముందో మాత్రం చెప్పలేకపోయాను.

మర్నాడు జాబితా మొదటినుంచి మళ్ళీ రాశాను. ఈసారి ప్రతి పేరు పక్కనా ముద్ర కూడా వేశాను.