చంకకర్రల పడవ

“ఏట్రా ఇది? పడవకి చంకకర్రలెట్టేరు?” అన్నారు మా నాన్న, శాన్‌డియాగోలో మిషన్ బే ఒడ్డున మా పడవను మొదటిసారి చూసి.

ఆయన భీమిలిలో పెరిగిన మనిషి. కెరటాలమీద తెప్పలు ఎక్కి దిగడం చూస్తూ బడికి ఎగనామం పెట్టిన రోజుల గురించి ఇప్పటికీ చెబుతుంటారు. కాబట్టి పడవల విషయంలో ఆయన మాట తోసెయ్యడానికి లేదు. నిజంగానే అలా ఉంటుంది మరి. నడుమ సన్నగా పొడుగ్గా ఒక పడవ, దానికి అడ్డంగా అల్యూమినియం గొట్టాలు, వాటి చివర అటొకటి ఇటొకటి గుమ్మడిగింజ ఆకారంలో తేలే బద్దలు. ట్రైమరాన్ అంటారు.

ఆ పేరులో మనవాళ్ళ చెయ్యి ఉంది. తమిళుల కట్టుమరం, అంటే దుంగలు కట్టిన తెప్ప, ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి కాటమరాన్ అయింది. పోనుపోను అది రెండు పడవల్ని జోడించిన దానికి పేరైపోయింది. ఉక్రెయిన్‌నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ విక్టర్ చెచెట్ మూడు జోడించి, ముందు ‘ట్రై’ తగిలించాడు. సగం లాటిన్, సగం తమిళం. ఆ మరమే మన మ్రాను. పక్కవాటిని మాత్రం ఇక్కడివాళ్ళు పసిఫిక్ దీవుల మాటతో ‘ఆమా’ అంటారు. మొదట్లో మా అమ్మాయి “ఆమా మునుగుతోంది!” అని అరిస్తే నాకు “అమ్మ మునుగుతోంది” అని వినబడి గుండె జారిపోయేది.

అసలు ఈ పడవ కొన్నదే అమ్మ కోసం. మా ఆవిడది కరీంనగర్. నీళ్ళంటే ఆమెకు మానేరు డ్యాం కట్టమీద నిలబడి చూసేవి, అంతే. పెళ్ళైన కొత్తలో ఒకసారి మామూలు తెరచాప పడవ అద్దెకు తీసుకుని ఎక్కించాను. గాలి కాస్త విసిరేసరికి పడవ పక్కకు ఒరిగింది. ఒరగడం దాని ధర్మం, అలా ఒరిగే ముందుకు పోతుంది. ఆమెకది ధర్మంలా కనబడలేదు. ఒడ్డు చేరాక, “ఇగ నన్ను పిలువకుండ్రి. మీరు పోయి రాండ్రి, నేను ఈడనే కూసుంట” అంది. చాలాకాలం అక్కడే కూర్చుంది. భార్యను ఒడ్డున కూర్చోబెట్టి పడవ షికారు చేసేవాడి సుఖం ఎంతో చెప్పనక్కర్లేదు.

అప్పుడు దొరికింది ఈ హోబీ టాండెమ్ ఐలాండ్, సెకండ్ హ్యాండ్‌లో. పొడవు 18 అడుగుల 6 అంగుళాలు. రెక్కలు చాపితే వెడల్పు 10 అడుగులు, ముడిస్తే 4. గాలి తెరచాపను తోస్తే అవతలి పక్క ఆమా నీళ్ళమీద అదుముకుంటుంది, నీళ్ళు దాన్ని తిరిగి పైకి నెడతాయి. పల్లెవెలుగు బస్సులో కమ్మీ అందనివాడు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు. తాడు లాగితే తెరచాప కొయ్యచుట్టూ చాపలా చుట్టుకుపోతుంది. గాలి లేకపోతే కాళ్ళకింద పెడళ్ళున్నాయి. అవి తొక్కితే అడుగున పెంగ్విన్ రెక్కల్లాంటివి ఆడతాయి.

లోపాల్లేవని కాదు. ఒళ్ళు తడవకుండా దిగినవాడు లేడు. గాలికి ఎదురుగా మలుపు తిప్పబోతే మధ్యలో మొండికేసి నిలబడుతుంది, అప్పుడు ఆ పెడళ్ళే దిక్కు. అన్నిటికన్నా పెద్దది, ఇది తేలిగ్గా బోల్తాపడదు గానీ పడితే తనంతట తాను లేవదు. పెరట్లో ప్లైవుడ్‌తో సొంతంగా కట్టుకునే ట్రైమరాన్లకు నమూనాలు గీసిన ఆర్థర్ పైవర్, 1960లో అలాంటిదాంట్లో అట్లాంటిక్ దాటాడు. 1968లో కాలిఫోర్నియానుంచి మరో ట్రైమరాన్‌లో ఒంటరిగా బయల్దేరి తిరిగి రాలేదు. అందుకే మా ఇంట్లో ఒక నియమం. ఆమా మునుగుతోందని పిల్ల అరిస్తే చర్చలుండవు, తెరచాప చుట్టేయడమే.

నాన్న వచ్చిన రోజు మధ్యాహ్నం సముద్రపుగాలి మొదలయ్యాక నలుగురం బయల్దేరాం, లైఫ్ జాకెట్లు బిగించుకుని. ముందు సీట్లో ఆయన, వెనక నేను, అటూ ఇటూ గొట్టాల మధ్య కట్టిన వలల మీద తల్లీ కూతుళ్ళు. మామగారి ముందు దర్జా చూపించాలనో ఏమో, మా ఆవిడ డబ్బా తీసి పులిహోర కూడా వడ్డించింది. తిరిగొస్తూ నేనే లెక్క తప్పాను. తేలే రేవును చూసుకోకుండా ఆమాను తీసుకెళ్ళి కొట్టాను. ఠప్పుమంది. ఆ పక్క రెక్క వెనక్కి ముడుచుకుపోయింది. ఒడ్డు చేతికందేంత దూరంలోనే ఉంది గనక బతికిపోయాం.

విరిగింది చిటికెనవేలంత కూడా లేని నైలాన్ బోల్టు. రెండు ముక్కల్నీ అరచేతిలో పెట్టి చూపించాను. గట్టి దెబ్బ తగిలితే గొట్టం వంగిపోకుండా ముందు ఇదే విరగాలని పెడతారని చెప్పాను. మా ఆవిడ నమ్మలేదు. “ఇరిగిపోతదని తెలిసి ఎవలన్న పెడ్తరా మామయ్యా?”

విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన ఆయన ఆ ముక్కల్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకున్నారు. “ఫ్యూజు తీగమ్మా ఇది. ఎగిరిపోయిందంటే మీటరు బతికిందన్నమాట” అన్నారు. తర్వాత నావైపు తిరిగి, “వేరేవి తెచ్చేవేటి?” అన్నారు. తేలేదు.

ఆ మాట నాకన్నా ఆమెకే పట్టింది. ఇప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగులో పిన్నీసులూ బొట్టుబిళ్ళలూ దాచుకునే చిన్న రేకు డబ్బాలో నాలుగు నైలాన్ బోల్టులుంటాయి. మొన్న ఎవరిదో పెళ్ళిలో పిన్నీసు అడిగినావిడకు చీకట్లో తడుముకుని ఒక బోల్టు చేతిలో పెట్టింది.