మా ఇంటి యెజ్డీకి చలికాలపు చాకిరీ

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు మొదలవుతాయి. వాకిట్లో ముగ్గు, పెరట్లో మోటారు సైకిలు. ముగ్గు సంగతి మా ఆవిడ చూసుకుంటుంది. మోటారు సైకిలు సంగతి మా నాయనది, నాది, ఈ నాలుగేళ్లుగా మా అమ్మాయిది కూడా. ధనుర్మాసంలో మొదటి ఆదివారం బండిని విప్పాలి, భోగి నాటికి బిగించి స్టార్టు చెయ్యాలి. ఇది మా నాయన పెట్టిన నియమం. పండక్కి వచ్చిన చుట్టాలు ఆ శబ్దం విని "మీ ఇంటి భోగిమంట కంటే మీ బండి పొగే ఎక్కువ" అని వేళాకోళం చేస్తుంటారు.

మాది హిందూపురం దగ్గర పల్లె. మా తాత ఎద్దుబండ్లు చేసేవాడు. నాయన 1962లో మైసూరు వచ్చి రైల్వే వర్కుషాపులో ఫిట్టరుగా చేరాడు. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరాను. అంటే చక్రాల వంశంలో చక్రాలు తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే అన్నమాట. ఆ లోటు తీర్చింది ఈ బండి.

బండి 1981 నాటి యెజ్డీ. మైసూరు వాళ్లకు ఈ పేరు చెబితే చాలు, యాదవగిరిలో ఉండిన ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. అసలు జావా అనేది చెకోస్లోవాకియా బండి. యానెచెక్ అనే ఆయన జర్మనీలోని వాండరర్ కంపెనీ దగ్గర హక్కులు కొని 1929లో మోటారు సైకిళ్లు మొదలుపెట్టాడు. ఆయన పేరులో మొదటి ముక్క, ఆ కంపెనీ పేరులో మొదటి ముక్క కలిపితే జావా అయింది. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో ఆ బండ్లు చెయ్యడం మొదలుపెట్టింది. 1973 నుంచి అవే యెజ్డీలయ్యాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో కొత్త బండ్లు వచ్చాయి గానీ వాటి ఇంజను తరహాయే వేరు. మాది పాత రెండు స్ట్రోకుల ఇంజను. ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టిన కడ్డీనే ముందుకు తిప్పితే గేరు కడ్డీ అవుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి తెల్లబోవడం మాకు ఇప్పటికీ వినోదమే.

ఈ పని చలికాలంలోనే ఎందుకంటారా? మైసూరులో జూన్ నుంచి నవంబరు దాకా వానలు ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంటాయి. చెమ్మ గొలుసులోకి, వైర్ల కొసల్లోకి, చక్రాల ఇరుసుల్లోకి చేరుతుంది. డిసెంబరు వచ్చేసరికి గాలి పొడిగా ఉంటుంది, కడిగిన సామాను గంటలో ఆరుతుంది. పైగా ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది. ఆ కాలంలో చేసిన రబ్బరు గొట్టాలకూ వాషర్లకూ అది అంతగా పడదు. కనుక నడవని పాత బండిలో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకూడదు. ట్యాంకు ఖాళీ చేసి అడుగున చేరిన నీటిచుక్కలు తుడవడం మా మొదటి పని.

మా రెండు స్ట్రోకుల బండికి వేరే నూనె దారి ఉండదు. లీటరు పెట్రోలుకు 30, 40 మిల్లీలీటర్ల చొప్పున నూనె కలిపి పొయ్యాలి. నూనె కూడా కాలుతుంది కాబట్టి మసి కట్టక తప్పదు. పిస్టను నెత్తిమీద, సిలిండరు మూత లోపల, పొగ బయటికి పోయే దారిలో, సైలెన్సరు లోపలి గొట్టంలో అది పెచ్చులు పెచ్చులుగా పేరుకుంటుంది. దారి ఇరుకైతే బండికి ఊపిరాడదు. ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. చాముండి కొండ రోడ్డే మాకు పరీక్ష. అక్కడ మూడో గేరులో పోవలసిన చోట రెండో గేరు అడిగిందంటే విప్పే కాలం వచ్చిందని అర్థం.

విప్పడం పెద్ద విద్య కాదు. విప్పిన వరుస గుర్తుంచుకోవడమే విద్య. దానికి మా అమ్మ వదిలేసిన పాత ఇడ్లీ ప్లేట్లు ఉన్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో చోటి నట్లు, సీలలు. పై ప్లేటు ట్యాంకుది, దాని కిందది సిలిండరుది, అట్లా. బ్యాంకులో సాయంత్రానికి క్యాషు పైసాతో సహా కలవాలి గదా, ఇక్కడా అంతే. బిగించడం అయ్యాక గుంటలో ఒక్క వాషరు మిగిలినా లెక్క కుదరనట్టే. దాన్ని సస్పెన్సు ఖాతాలో వెయ్యడానికి మా నాయన ఒప్పుకోడు. మళ్లీ విప్పాల్సిందే.

సిలిండరు మూతకు నాలుగు నట్లు. ఒకదాన్ని పూర్తిగా తీసి ఇంకొకదానికి పోకూడదు. ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యాలి, బిగించేటప్పుడూ అంతే. లేకపోతే మూత వంకరపోతుంది. సిలిండరు పైకి లాగగానే కింద నోరు తెరుచుకున్న చోట శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఒక చిన్న క్లిప్పు లోపల పడిందంటే ఇంజను మొత్తం విప్పాలి. మసిని గీకడానికి ఇనుము పనికిరాదు, పిస్టను అల్యూమినియం కనుక గీతలు పడతాయి. వెదురు బద్దను చెక్కి వాడతాం. సైలెన్సరు లోపలి గొట్టాలను మాత్రం కాస్టిక్ సోడా నీళ్లలో ఒక రాత్రి నానబెడతాం. నీళ్లలో సోడా వెయ్యాలి గానీ సోడా మీద నీళ్లు పొయ్యకూడదు. చేతులకు తొడుగు ఉండాలి. ఆ నీళ్లు అల్యూమినియం సామానుకు తగలకూడదు, తినేస్తాయి. ప్లాటినం పాయింట్ల మధ్య ఎడం 0.4 మిల్లీమీటరు. ఇది రేకుతో కొలిచి చూసుకోవాలి, కంటి అంచనా చాలదు.

ఇన్నీ చెప్పినా అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మా నాయన 1981 నుంచి ఈ బండికి ఒక పుస్తకం రాస్తున్నాడు. ఏ రోజు ఏది విప్పాడో, ఏది మార్చాడో, అంతా తెలుగులో. వర్కుషాపులో కన్నడం, తమిళం, ఇంగ్లీషు పేర్లతో పని చేసిన మనిషి ఇంటి బండి దగ్గరికి వచ్చేసరికి తాత బండ్ల దగ్గర విన్న మాటలే రాశాడు. 1986 డిసెంబరులో ఒక పద్దు ఇలా ఉంది: "ముందు చక్రం ఆకులు రెండు వదులు. బిగించినాను. ఇరుసుకు కందెన. మర అరిగినది, కొత్త సీల వేసినాను." పిస్టను రింగులను ఆయన గాజులు అన్నాడు. పానా, పట్టకారు, ఆకురాయి, రజను, కిలుము - ఈ మాటలు మా వంటింట్లో వినపడవు, టీవీలో వినపడవు. ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

ఆరేళ్ల కిందట నాయనకు గ్లకోమా ముదిరి చూపు బాగా తగ్గింది. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి గానీ అక్షరం కనపడదు. నిరుడు ఏం చేశామో తెలియందే ఈ ఏడు పని మొదలుపెట్టడు. నేను బదిలీ మీద వేరే ఊళ్లో ఉండి ఆదివారాలు మాత్రమే వచ్చేవాణ్ణి. మరి ఆ పుస్తకం చదివేదెవరు? మా అమ్మాయి ఇంగ్లీషు మీడియంలో చదివింది, స్కూల్లో రెండో భాష కన్నడం. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు.

అయితే కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరం ఎంత దూరం? గ, ద, ప, మ, య, వ చూడగానే పోల్చుకుంది. మనం నెత్తిన పెట్టే తలకట్టు అక్కడ కొంచెం వేరుగా ఉంటుంది, అంతే. క, త, శ దగ్గర ఆగింది. వాటిని నేర్పింది మా ఆవిడ. రెండు వారాలు తిరిగేసరికి తాత దగ్గర కూర్చుని కూడబలుక్కుంటూ పుస్తకం చదివింది. పెద్దబాలశిక్షతో కాదు, మోటారు సైకిలు జమాఖర్చుతో మా అమ్మాయికి అక్షరాభ్యాసం అయింది.

చదువుతూ ఒకచోట ఆగింది. "తాతా, చక్రానికి ఆకులేంది?"

"మధ్యలోనుంచి చుట్టూ విచ్చుకొని ఉండాయి గదమ్మా, వాటినే ఆకులంటారు. మా నాయన తుమ్మ చెక్కతో చేసేవాడు. వీటిని స్పోకులంటారు మీరు."

"మరి ఆకురాయి?"

"అది వేరే. ఇనుమును రాకేది. ఫైలు అంటారే, అది."

"కందెన?"

"ఇరుసు అరగకుండా పూసేది. ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి చేసేవాళ్లు. నువ్విప్పుడు డబ్బాలోంచి తీస్తాండావే గ్రీసు, అదే అది."

అప్పటినుంచి ఆ పిల్ల వదిలిపెట్టలేదు. విప్పిన ప్రతి సామానుకూ పేరు అడుగుతుంది. చేతిలో వస్తువు ఉంటే తప్ప నాయనకూ పేరు జ్ఞాపకం రాదు. ఊరికే కుర్చీలో కూర్చోబెట్టి "పాత మాటలు చెప్పు" అంటే "ఏముండాయి చెప్పేదానికి?" అంటాడు. అదే చేతిలో ఒక అరిగిన సీల పెడితే వేలితో తడిమి, "దీనికి మర పోయింది" అంటాడు. మాట ఆ వస్తువుకు అంటుకుని ఉందేమో అనిపిస్తుంది.

నిరుడు చక్రం పని వచ్చింది. నాయన ముక్కాలిపీట మీద కూర్చుని, చక్రాన్ని ముందు నిలబెట్టించుకుని, చిన్న పానాతో ఒక్కొక్క ఆకునూ తట్టుకుంటూ పోయాడు. బిగువుగా ఉన్న ఆకు కంగుమంటుంది, వదులైంది బొద్దుగా పలుకుతుంది. మూడింటి దగ్గర ఆగాడు. "ఇట్ల చూడు పాపా, ఇది పలకలేదు. అర చుట్టు తిప్పు. ఎక్కువ తిప్పితే చక్రం ఒక పక్కకు లాగుతాది." కళ్లున్న మేమిద్దరం కనుక్కోలేనిది ఆయన చెవితో కనుక్కున్నాడు.

ఆ నెలలోనే బెంగుళూరు నుంచి ఒకాయన బండి కొంటానని వచ్చాడు. పాత యెజ్డీలకు ఇప్పుడు గిరాకీ ఉంది. ఆయన చెప్పిన ధర తక్కువేమీ కాదు. మా ఆవిడ మాటలోనూ న్యాయముంది. నడిపేది నెలకు రెండుసార్లు, పొగ, మసి బట్టలు, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగింపు, దొరకని సామాను కోసం తిరుగుడు. అమ్మాయికి పూనాలో ఉద్యోగం వచ్చింది, సంక్రాంతి కాగానే వెళ్లాలి. నాకు రిటైర్మెంటు దగ్గరపడుతోంది. బ్యాంకు మనిషిగా చూస్తే ఇది రాబడి లేని ఆస్తి. నాయనను అడిగితే, "నేను చూసేదా, నడిపేదా? మీ ఇష్టం" అన్నాడు. అని, చేతిలో ఉన్న గుడ్డతో సైలెన్సరు తుడుస్తూనే ఉన్నాడు.

నేను లెక్క వేశాను. అమ్మితే వచ్చేది ఎంతో తెలుసు. కానీ ఆ డబ్బుతో పాటు డిసెంబరులో నాలుగు ఆదివారాలు పోతాయి. చేతిలో సీల లేకపోతే నాయన నోట ఆ మాటలు రావు. ఈ పద్దు ఏ ఖాతాలో రాయాలో కామర్సులో నాకు నేర్పలేదు. వచ్చినాయనకు కాఫీ ఇచ్చి, అమ్మడం లేదని చెప్పి పంపాను. అమ్మాయి వచ్చే డిసెంబరుకు వారం సెలవు ముందే అడిగి పెట్టుకుంటానంది.

భోగి ముందురోజు బండి మూడో కిక్కుకు అందుకుంది. ఆ ఏటి పద్దు అమ్మాయే రాసింది, తెలుగులో. "ముందు చక్రం ఆకులు మూడు వదులు. తాత చెప్పినారు, నేను బిగించినాను. గాజులు బాగున్నవి. మసి తీసినాము." తాతకు చదివి వినిపించింది. ఆయన ఒక్క దిద్దుబాటు చెప్పాడు: "తేదీ వెయ్యలేదు నువ్వు. తేదీ లేని పద్దు పద్దు కాదు."

ఆ పుస్తకంలో ఒకచోట మాత్రం నలభై ఏళ్లుగా ఖాళీ ఉంది. క్లచ్చి ప్లేటుకు ఏం రాయాలో నాయనకు తోచలేదట. ఎద్దుబండికి క్లచ్చి ఉండదు గదా! పాఠకుల్లో ఎవరికైనా మంచి మాట తెలిస్తే పత్రికకు రాయండి. వచ్చే ధనుర్మాసానికి అందితే చాలు, అమ్మాయి చేత రాయిస్తాం.