తాళం పట్టుకుని నిద్రపోయినవాడు

మన భాషలో తాళం అన్న మాటకు ఒక చమత్కారముంది. తలుపుకు వేసేదీ తాళమే, దాన్ని తీసేదీ తాళమే. "తాళాలు ఎక్కడ పెట్టావు?" అని ఇంట్లో అడిగితే మనం వెతికేది తాళంచెవుల కోసమే గానీ తాళంకప్పల కోసం కాదు. మొబైలు ఫోను లోపల నడిచే సాఫ్టువేరులో ‘లాక్’ అనే ఏర్పాటు గురించి కొత్తవారికి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఈ తెలుగు మాటే అక్కరకొచ్చింది. నిజానికి అది తలుపు మూసే వస్తువు కాదు; చేతులు మారే తాళంచెవి. ఎవరి చేతిలో ఉంటే వారే లోపలికి వెళ్ళగలరు. తక్కినవారు గడప అవతల నిలబడవలసిందే.

ఒంటి రైలుపట్టా మీద నడిచే బళ్ళకు ఇటువంటి ఏర్పాటే ఉండేది. స్టేషను మాస్టరు ఇచ్చిన టోకెను చేతికందితే గానీ డ్రైవరు ముందుకు కదలకూడదు. ఆ దారికి ఒక సమయంలో ఒకటే టోకెను బయటకు వస్తుంది గనుక ఎదురెదురుగా రెండు బళ్ళు రావు. డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960ల్లో, ఒకే కంప్యూటరులో పక్కపక్కన సాగే పనులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండే ఉపాయం ఆలోచించి, దానికి ‘సెమాఫోర్’ అని రైలు సిగ్నలు స్తంభం పేరే పెట్టాడు.

అరచేతిలో ఇమిడే ఫోనులోనూ ఈ రద్దీ తక్కువేమీ కాదు. తెర మీద అక్షరాలు వేసే పని ఒకటి, మీటలు గమనించే పని ఒకటి, రేడియోతో మాట్లాడే పని ఒకటి, ఇంటర్నెట్టు కనెక్షను చూసుకునే పని ఒకటి. ఏ కనెక్షను ఏ స్థితిలో ఉందో రాసిపెట్టే పట్టిక మాత్రం అందరికీ ఉమ్మడి. ఇద్దరు ఒకేసారి దిద్దితే అది చెడిపోతుంది గనుక దానికొక తాళం.

ఇటువంటి కోడును చదివి సరిచూడడం కొన్నేళ్ళపాటు నా ఉద్యోగం. మీటల ఫోనుల్లో జీపీఆర్‌ఎస్ నడిచే కాలంలో నా ముందుకు వచ్చిన ఒక ఫోనులో, కనెక్షను తెరిచే పని ముందు తాళం తీసుకునేది, నెట్‌వర్కుకు అభ్యర్థన పంపేది, జవాబు వచ్చేదాకా తాళం చేతిలోనే ఉంచుకుని నిద్రపోయేది. సిగ్నలు బాగున్నచోట క్షణాల్లో జవాబు వస్తుంది. లోపం ఎవరి కంటా పడదు. రాకపోతేనే చిక్కు. ప్రమాణాల ప్రకారం ఫోను 30 సెకన్లు ఆగి మళ్ళీ అడగాలి. అలా నాలుగుసార్లు అడిగి, అయిదోసారి కూడా గడువు తీరాకే విరమించుకోవాలి. మొత్తం 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు. కాల్ చేయడానికి ఆకుపచ్చ మీట నొక్కితే, ఆ పని కూడా ముందుగా ఈ పట్టికనే చూడాలి. అందుచేత అదీ గడప దగ్గరే ఆగిపోయేది.

"సిగ్నలు లేనిచోట కాల్ ఎలాగూ వెళ్ళదు కదండీ, కాసేపటికి అదే సర్దుకుంటుంది" అని వాదించారు తోటి ఉద్యోగి ఒకరు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మాట వెళ్ళే దారి వేరు, డేటా వెళ్ళే దారి వేరు. డేటా వైపు యంత్రం మూగవోయినా మాట వైపు యంత్రం పలకవచ్చు. పైగా అత్యవసర కాల్ అయితే మన కంపెనీ టవరు అందకపోయినా, అందుబాటులో ఉన్న మరో కంపెనీ టవరు ద్వారా వెళ్ళే వీలు జీఎస్‌ఎంలో ఉంది. ఇంట్లో పెద్దాయన గుండె పట్టుకుని కూలబడితే, ఆ మీట నొక్కిన మనిషికి రెండున్నర నిమిషాలంటే ఎంత?

పట్టికకు ఒక తాళం, రేడియోకు ఆదేశాలు పంపే దారికి మరో తాళం పెడదామన్నారు. పెట్టి చూస్తే ఫోను శాశ్వతంగానే బిగుసుకుంది. ఒక పని పట్టిక తాళం పట్టుకుని దారి తాళం కోసం చూస్తోంది. రేడియో కబురు మోసుకొచ్చిన మరో పని దారి తాళం పట్టుకుని పట్టిక తాళం కోసం చూస్తోంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు! ఇటువంటి ముడి పడాలంటే నాలుగు షరతులు ఒకేసారి కుదరాలని కాఫ్‌మన్, ఆయన సహచరులు 1971లో వివరించారు. ఒక్కటి తప్పించినా ముడి పడదు. అందరూ తాళాలను ఒకే వరుసలో తీసుకోవాలన్న కట్టుబాటు చాలు.

ఈ బాధ ఫోనులకే పరిమితం కాదు. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండరు నౌక కంప్యూటరు ఆ తరువాత పదేపదే తనంతట తానే పునఃప్రారంభమయ్యేది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని చేతిలో తాళం ఉంది. దాని కోసం అతి ముఖ్యమైన పని ఆగి ఉంది. మధ్యరకం పనులు వచ్చి ఆ చిన్న పనిని కదలనివ్వడం లేదు. పెద్దవాడు తన కోసం ఎదురుచూస్తున్నంతసేపూ చిన్నవాడికి ఆ పెద్దరికమే దక్కాలన్న నియమాన్ని భూమి మీదనుంచే అమలుచేసి సరిదిద్దారు. మన దగ్గర అప్పటి ఫోనులు బిగుసుకుంటే జనం చేసిన వైద్యం ఇంకా సులువు: బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టడం. ఇప్పటి ఫోనుల్లో చాలావాటికి ఆ వీలూ లేదు.

చివరకు ఆ కోడును మార్చిన తీరు ఇది. తాళం తీసుకుని ‘ప్రయత్నం మొదలైంది’ అని ఒక వరుససంఖ్యతో పట్టికలో రాసి, వెంటనే తాళం వదిలేయాలి. వట్టి చేతులతో జవాబు కోసం ఆగాలి. వచ్చాక మళ్ళీ తాళం తీసుకుని, ఆ సంఖ్య ఇంకా అదేనా అని చూడాలి. మధ్యలో మనిషి విసిగి రద్దు చేసి ఉంటే సంఖ్య మారుతుంది. అప్పుడు ఆలస్యంగా అందిన కనెక్షనును మర్యాదగా వదులుకోవాలి. రాసే వరుసలు పెరిగాయి, ఆలోచించవలసిన సందర్భాలూ పెరిగాయి. ఆకుపచ్చ మీట మాత్రం నొక్కగానే పలికింది.

అప్పటినుంచి ఎవరి కోడు చదివినా ముందుగా ఒక్క ప్రశ్నే వేసుకుంటాను: తాళం చేతిలో ఉండగా ఇతడు ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడు?